ఎప్పటిమాదిరి ఉన్నాడా?

2025 ఏప్రిల్ 24, కర్నూలు

బడులకు ఈరోజు నుంచి సెలవులు. సీటీ స్కాన్ గదిలో పనిచేసే నాకు ఏటా భయం మొదలయ్యేది ఇప్పుడే. మా సీమలో ఎండాకాలం రాత్రి అంటే మిద్దె. పగలంతా కాగిన ఇంట్లో పడుకోలేక, పొద్దు గూకగానే మిద్దె మీద నీళ్ళు చల్లి, చాపలు పరిచి, ఇంటిల్లిపాదీ వరసగా పడుకుంటారు. చాలా మిద్దెలకు పిట్టగోడ ఉండదు. స్లాబు పడేసరికి చేతిలో డబ్బులైపోతాయి. పిట్టగోడ వచ్చే ఏడు కడదామనుకుంటారు, ఆ వచ్చే ఏడు రాదు. ఇంకో అంతస్తు లేపుదామని వదిలిన ఇనుప కడ్డీలు మాత్రం మూలమూలా నిలబడి ఉంటాయి. మా జమ్మలమడుగు పక్క పాత ఇళ్ళలో మెట్లు కూడా గోడలోంచి పొడుచుకొచ్చిన నాపబండలే, పట్టుకోడానికి ఏమీ ఉండదు.

రాత్రి ఒంటికి లేచిన పిల్ల నిద్రమత్తులో అటు పోవాల్సింది ఇటు పోతుంది.

ఏప్రిల్ 27

తెల్లవారుజామున ఆరేళ్ళ అబ్బాయి వచ్చాడు. కోడుమూరు వైపు పల్లె. మిద్దె మీంచి వాకిట్లో బండల మీద పడ్డాడు. వెంట వచ్చింది వాళ్ళవ్వ.

"పడినాక లేసినాడు మేడం. ఏడిసినాడు, నీళ్ళడిగినాడు, బాగానే మాట్లాడినాడు. ఏం కాలేదులే అనుకుంటిమి. గంట తర్వాత నిద్దరొస్తాంది అవ్వా అన్యాడు. ఆమీట ఒకటే కక్కుడు. ఇంగ లేపితే లేయల్యా."

ఆమె చెప్తుండగానే డ్యూటీ డాక్టరు స్కాన్ రాసేశాడు. పిల్లవాడిని బల్ల మీద పడుకోబెట్టి, తలకు రెండు పక్కలా మెత్తలు పెట్టి పట్టీ బిగించాను. తీయడానికి పట్టింది కొన్ని సెకన్లు. తెర మీద కుడి చెవికి పైన, పుర్రెకు లోపల ఆనుకొని, కందిబద్ద ఆకారంలో తెల్లగా కనిపించింది. అప్పుడే కారిన నెత్తురు సీటీలో తెల్లగానే ఉంటుంది. ఫిల్ము తీసేదాకా ఆగకుండా న్యూరోసర్జన్‌ను తెర దగ్గరికే రమ్మన్నాను.

కణత దగ్గర ఎముక పలచన. దాని లోపలి వైపు గాడిలో ఒక ధమని పోతుంది. ఎముక చిట్లితే ఆ ధమని తెగి, ఎముకకూ మెదడు పై పొరకూ మధ్య నెత్తురు చేరుతుంది. చేరేకొద్దీ మెదడును పక్కకు నెడుతుంది. మొదట్లో మెదడుకు పెద్ద దెబ్బ ఉండకపోవచ్చు, అందుకే పిల్లవాడు లేచి నీళ్ళడుగుతాడు. ఇంటివాళ్ళు ఆ గంట చూసి ధైర్యపడతారు, లోపల నెత్తురు చేరుతున్నది ఆ గంటలోనే. వేళకు పుర్రె తెరిచి ఆ గడ్డ తీసేస్తే మామూలుగా నడుచుకుంటూ ఇంటికి పోయే పిల్లలున్నారు. ఆలస్యమైతే ఎవరి చేతిలోనూ ఏమీ ఉండదు.

ఏప్రిల్ 29

కోడుమూరు పిల్లోడు కళ్ళు తెరిచాడు. ఇడ్లీ పెడితే వద్దని సంగటి కావాలన్నాడట.

మే 3

ఏడాదిన్నర పాప. నులక మంచం మీంచి పడింది. నుదుటి మీద బొప్పి కట్టింది. పాప మాత్రం వాళ్ళమ్మ కొంగు లాగుతూ, చేతిలోని బొరుగులు నాకు పెట్టబోతోంది. తండ్రికి చెమటలు పట్టి ఉన్నాయి.

"డబ్బులెంతైనా కట్టుకుంటాం మేడం. స్కాన్ తీసేయండి. మా మనసుకు నెమ్మదిగా ఉంటాది."

డాక్టరు ఆయనను కూర్చోబెట్టి అడిగాడు. ఎంత ఎత్తు నుంచి పడింది? వెంటనే ఏడ్చిందా? మధ్యలో స్పృహ తప్పిందా? తల వెనకా పక్కలా చేత్తో తడిమి చూశాడు. చివరి ప్రశ్న తల్లికి: "పాప ఎప్పటిమాదిరే ఉందామ్మా?"

"ఎప్పటిమాదిరే ఉంది సార్. ఈడికొచ్చేదాకా ఆటోలో ఎవర్నీ కుదురుగా కూసోనియ్యల్యా."

కొన్ని గంటలు ఇక్కడే ఉంచండి, మేమే చూస్తుంటాం, స్కాన్ వద్దు అన్నాడు డాక్టరు. తండ్రికి ఆ మాట నచ్చలేదు. పాపనెత్తుకొని ఇంకో చోట తీయించుకుంటామని వెళ్ళిపోయాడు. ఆయన మీద నాకు కోపం లేదు. కన్నవాళ్ళకు తెర మీద బొమ్మ చూస్తేగానీ గుండె కుదుటపడని కాలం ఇది. ఊరికే కూర్చొని చూడటం కూడా వైద్యమేనని వాళ్ళకు కూర్చోబెట్టి చెప్పేవాళ్ళు తక్కువ.

మే 4

నిన్న డాక్టరు అడిగిన ప్రశ్నల వెనక పెద్ద పరిశోధన ఉంది. 2009లో లాన్సెట్ పత్రికలో అచ్చయింది. తలకు దెబ్బ తగిలి, దాదాపు పూర్తి మెలకువతో ఉత్తర అమెరికాలోని 25 ఆసుపత్రులకు వచ్చిన 42,412 మంది పిల్లలను నేథన్ కుపర్‌మన్ బృందం గమనించింది. వాళ్ళలో సీటీ తీసింది సుమారు 35 శాతం మందికి. లెక్కలోకి తీసుకోదగ్గ మెదడు గాయం తేలింది 376 మందికి, అంటే నూటికి ఒక్కరు కూడా కాదు. తల ఆపరేషన్ అవసరమైంది 60 మందికి.

ఆ 376 మందినీ వదలకుండా పట్టుకుంటూ, మిగతా వాళ్ళను మిషన్ కింద పెట్టకుండా కాపాడటం ఎలా? దానికి వచ్చిన జవాబే పెకార్న్ నియమం. రెండేళ్ళలోపు పిల్లలకు ఒక పట్టిక, పైబడిన వాళ్ళకు ఇంకొకటి. మగతగా ఉన్నా, పుర్రె చిట్లినట్టు చేతికి తగిలినా, పెద్ద పిల్లల్లో పుర్రె అడుగున విరిగిన గుర్తులున్నా (కళ్ళ చుట్టూ, చెవి వెనక నల్లగా కమలడం, ముక్కులోంచో చెవిలోంచో నీళ్ళు కారడం) ఆలోచించే పనే లేదు, తీయాల్సిందే. వాంతులు, కాసేపు స్పృహ తప్పడం, గట్టి తలనొప్పి, చంటిపిల్లల్లో తల పక్కనో వెనకో బొప్పి, ఇలాంటివి ఒక్కొక్కటే ఉంటే కొన్ని గంటలు కనిపెట్టి చూడవచ్చు. పట్టికలోనివి ఏవీ లేని పిల్లల్లో ప్రమాదం రెండేళ్ళలోపు 0.02 శాతం కన్నా, పైబడిన వాళ్ళలో 0.05 శాతం కన్నా తక్కువ.

ఎత్తుకు కూడా లెక్కుంది. రెండేళ్ళలోపు పిల్లలకు మూడడుగులు, పెద్ద పిల్లలకు ఐదడుగులు. అది దాటితే తీవ్రమైన పాటు. మన మిద్దెలు ఏ లెక్కన చూసినా పదడుగులు. అంటే ఈ దేశంలో మిద్దె మీంచి పడిన పిల్ల నవ్వుతూ వచ్చినా సరే, ఆసుపత్రి గడప తొక్కాల్సిందే.

నాకు ఆ పట్టికలో బాగా నచ్చిన మాట ఒకటుంది. చిన్నపిల్లల ఆరు గుర్తుల్లో ఆరోది, పిల్ల ఎప్పటిలా లేదని కన్నవాళ్ళకు అనిపించడం. నలభై రెండు వేల మందిని జల్లెడ పట్టాక, కొలతలూ ఎముకలూ నెత్తుటి గడ్డల పక్కన తల్లి మాట నిలిచింది. చదువు రాని తల్లి అయినా సరే, ఆమె చెప్పినదానికి ఆ పట్టికలో ఒక గడి ఉంది. మన ఓపీల్లో "నువ్వుండమ్మా, డాక్టరుకు తెలుసు" అని నోరు మూయించే వాళ్ళందరికీ ఇది చదివి వినిపించాలనిపిస్తుంది.

మే 12

నర్సింగ్ చదివే అమ్మాయి ఒకతె అడిగింది, "తీస్తే పోయేదేముంది అక్కా, ఒకసారేగా?"

పోయేది కొంచెమే, కానీ ఉంది. పిల్లల కణాలు ఇంకా పెరుగుతూ విభజన చెందుతూ ఉంటాయి, పైగా వాళ్ళ ముందు బోలెడు బతుకుంది. రేడియేషన్ చేసిన చెరుపు బయటపడటానికి అన్నేళ్ళు చాలు. 2012లో బ్రిటన్‌లో మార్క్ పియర్స్ బృందం చిన్నప్పుడు సీటీ తీయించుకున్న వాళ్ళ వివరాలు వెతికి తీసింది. రెండు మూడు తల స్కాన్లంత మోతాదు పడితే మెదడు కణితి వచ్చే ముప్పు సుమారు మూడింతలు అవుతోంది. అయితే ఆ జబ్బు అసలే అరుదు కాబట్టి లెక్క ఇలా తేలింది: పదేళ్ళలోపు పిల్లల్లో 10,000 తల స్కాన్లకు, తర్వాతి పదేళ్ళలో ఒక మెదడు కణితి, ఒక లుకేమియా అదనం.

కోడుమూరు అవ్వ ఈ అంకె విని ఒక్క క్షణం కూడా వెనకాడాల్సిన పనిలేదు. నులక మంచం పాప నాన్నకు మాత్రం ఇది తెలియాలి.

తీయక తప్పనప్పుడు నా చేతిలో ఉన్నది నేను చేయాలి. పెద్దవాళ్ళ సెట్టింగులతో పిల్లల తల తీయకూడదు. కరెంటు, వోల్టేజి తగ్గించినా పిల్లల పలుచని ఎముకల్లోంచి బొమ్మ బాగానే వస్తుంది. అవసరమైన మేరకే, ఒక్కసారే తీయాలి. 2008లో అమెరికాలో పిల్లల రేడియాలజీ వాళ్ళు 'ఇమేజ్ జెంట్లీ' అనే ప్రచారం మొదలుపెట్టింది ఇందుకే. పల్లె నుంచి రిపోర్టు తెచ్చుకున్నా, ఫిల్ము బాగాలేదని పట్నంలో మళ్ళీ తీయిస్తుంటారు. ఆ రెండోది ఆపగలిగితే చాలు అనిపిస్తుంది నాకు చాలాసార్లు. ఫిల్ము కాకుండా సీడీ వెంట పంపితే సగం గొడవ తీరుతుంది.

మే 18, జమ్మలమడుగు

సెలవు పెట్టి ఇంటికొచ్చాను. మా జేజికి నా పని గురించి బలమైన అభిప్రాయాలున్నాయి. "తలకు దెబ్బ తగిల్నోన్ని నిద్దరపోనీకూడదు. మా కాలంలో రాత్రంతా కూసోబెట్టి కతలు చెప్తాంటిమి" అంది.

జేజి మాటలో ఉన్న కాపలా మంచిది. నిద్ర మానిపించడం మాత్రం అక్కర్లేదు. దెబ్బ తగిలి ఏడ్చి అలసిన పిల్లకు నిద్ర రావడం సహజం. డాక్టరు చూసి ఫర్వాలేదన్నాక పడుకోనివ్వవచ్చు, చెప్పిన వేళలకు లేపి చూడాలి. లేస్తున్నాడా, మనిషిని గుర్తుపడుతున్నాడా, మాట ముద్దగా లేదు కదా, కాలూ చెయ్యీ రెండు పక్కలా సమానంగా ఆడుతున్నాయా. లేపినా లేవని నిద్ర నిద్ర కాదు. జేజి అంతా విని, "అయితే కతలు మానేసి లేపడం నేర్చుకోవాల" అంది.

తమ్ముడు కొత్తగా స్లాబు వేశాడు. పిట్టగోడ సంక్రాంతికి అన్నాడు. పిల్లలు మాత్రం ఇప్పుడే పైన పడుకుంటున్నారు. నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం పిట్టగోడ మీటరుకు తగ్గకూడదు. సాయంత్రం వాడిని వెంటబెట్టుకొని ఇటుకల బట్టీకి పోయి అడ్వాన్సు నేనే ఇచ్చి వచ్చాను. ఇళ్ళ బిల్లులు మంజూరు చేసేటప్పుడు స్లాబుతోబాటు పిట్టగోడను కూడా ఒక దశగా ఎందుకు చూడరో నాకు అర్థం కాదు. మెట్లు పైకి వెళ్తున్నాయంటే పిల్లలు పైకి వెళ్తారు.

జూన్ 1

నాలుగేళ్ళ పిల్ల కదలకుండా పడుకోవడం లేదు. నిద్రమందు సిరప్ ఇద్దామా అని అడిగారు. తల దెబ్బ కేసులో మందుతో నిద్రపుచ్చితే, ఆ మగత మందుదా గాయానిదా అని తర్వాత ఎవరు చెప్పగలరు? వాళ్ళ చిన్నాయన చేత సీసపు ఏప్రన్ తొడిగించి, పక్కన నిలబెట్టి, చేయి పట్టుకోమన్నాను. దుప్పట్లో చుట్టి, నవ్వించి, ఒక్క ఊపులో తీసేశాం. ఇప్పటి మిషన్లకు ఆ కొన్ని సెకన్లు దొరికితే చాలు. ఎమ్మారైలో రేడియేషన్ లేదు కదా అంటారు, నిజమే. కానీ అది మామూలుగా తీస్తే చాలాసేపు పడుతుంది, చప్పుడు ఎక్కువ. అర్ధరాత్రి ఏడుస్తున్న పిల్లతో అది అయ్యే పని కాదు.

జూన్ 14

బడులు మొన్న తెరిచారు. పొద్దున రాజవిహార్ సెంటర్లో చూశాను: బండి నడిపే నాన్న, ట్యాంకు మీద చిన్నోడు, వెనక ఇద్దరు, చివర అమ్మ. హెల్మెట్ నాన్నకు ఒక్కడికే, అదీ అద్దానికి తగిలించి ఉంది. 2019 సవరణ తర్వాత నాలుగేళ్ళు దాటిన ప్రతి ఒక్కరికీ హెల్మెట్ ఉండాలి. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ళ లోపు వాళ్ళకు హెల్మెట్, నడిపేవాళ్ళకు కట్టే బెల్టు, 40 కిలోమీటర్లు మించని వేగం అని 2022లో నియమాలు రాసి, 2023 ఫిబ్రవరి నుంచి అమల్లో పెట్టారు. పిల్లల తలకు సరిపడే హెల్మెట్ కర్నూలు అంగళ్ళలో అడిగి చూశాను. ఒకరిద్దరి దగ్గరే ఉంది.

జూన్ 28, కడప

ఇక్కడి సెంటర్లో డ్యూటీ. పోయిన నెల తల స్కాన్ తీయించుకున్న పన్నెండేళ్ళ అమ్మాయిని వాళ్ళ నాయన మళ్ళీ తెచ్చాడు. స్కాన్‌లో ఏమీ లేదన్నారు. ఏమీ లేదన్నాక ఎందుకు లెక్కలు తప్పుతోంది, ఎందుకు వెలుతురు చూడలేకపోతోంది, ఊరికే కోపమెందుకు, బడిలో దొంగవేషాలంటున్నారు అని ఆయన బాధ.

సీటీ నెత్తురును చూస్తుంది, ఎముకను చూస్తుంది, వాపును చూస్తుంది. అదిరిన మెదడులో తీగల్లాంటి నరాలు పడే ఇబ్బంది దానికి కనిపించదు. డాక్టరు ఆయనకు అదే చెప్పాడు: మళ్ళీ స్కాన్ వద్దు, అమ్మాయి అబద్ధం చెప్పడం లేదు. ఒకటి రెండు రోజులు విశ్రాంతి ఇచ్చి, మెల్లమెల్లగా చదువూ ఆటా మొదలుపెట్టించాల్సిన కేసులో దెబ్బ తగిలిన మర్నాడే ఖోఖో ఆడించారు. ఇప్పుడైనా మెల్లగా పోవాలి. బడికి ఇవ్వమని చీటీ రాసిచ్చాడు. ఆ చీటీ చదువుతున్నంతసేపూ అమ్మాయి వాళ్ళ నాయన మొహమే చూస్తూ ఉంది.

'స్కాన్ నార్మల్' అనే మాటకు ముందు వెనక ఇంకో వాక్యం చేర్చి చెప్పడం మేమంతా నేర్చుకోవాలి. లోపల నెత్తురు లేదు, అంతవరకే ఆ మాటకు అర్థం.

జూలై 20, డోన్ దారిలో

బస్సు వెల్దుర్తి దాటుతుంటే మాదార్‌పురం గుర్తొచ్చింది. 2021 ఫిబ్రవరి 14 తెల్లవారుజామున మదనపల్లె నుంచి అజ్మీర్ పోతున్న బండి లారీని గుద్దుకొని 14 మంది చనిపోయారు. నలుగురు పిల్లలు బతికారు. పెకార్న్ పట్టికలో తీవ్రమైన ప్రమాదం అంటే ఏమిటో చెప్పే చోట ఒక అంశం ఇది: అదే బండిలో ఇంకొకరు చనిపోయి ఉండటం. పైకి గీత పడని పిల్లను కూడా ఆ ఒక్క కారణంతో అనుమానించి చూడాలి. పక్క సీటులో వాళ్ళమ్మ లేదంటే, ఆ దెబ్బ ఈ పిల్ల మెదడుదాకా కూడా వచ్చి ఉండవచ్చు.

44వ నంబరు రహదారి మీద పనిచేసే 108 అంబులెన్స్ వాళ్ళు ఈ సంగతి చదవకపోయినా తెలిసిన మనుషులు. బండిలో ఎంతమంది, ఎవరు ఎక్కడ కూర్చున్నారు, ఎవరు బయటికి ఎగిరిపడ్డారు, ఎన్ని గంటలకు జరిగింది అన్నీ కాగితం మీద రాసి తెస్తారు. ఆ కాగితం స్కానంత విలువైనది.

ఆగస్టు 24

సెరిబో గురించి చదివాను. చేత్తో పట్టుకునే చిన్న పరికరం, అహ్మదాబాద్‌కు చెందిన బయోస్కాన్ రీసెర్చ్ వాళ్ళు ఐసీఎంఆర్‌తో కలిసి తయారుచేశారు. రేడియేషన్ లేదు. కంటికి కనిపించని పరారుణ కాంతిని తలలోకి పంపి, లోపల నెత్తురు చేరిందా అని నిమిషాల్లో చెప్తుంది. సీటీకి బదులు కాదు, సీటీ దాకా ఎవరిని పరిగెత్తించాలో చెప్పడానికి. ఆళ్ళగడ్డలోనో, ఆలూరులోనో, పులివెందుల పక్క పల్లెలోనో రాత్రిపూట ఇది ఉంటే ఎంత బాగుంటుంది! కర్నూలు పెద్దాసుపత్రికి గద్వాల, రాయచూరు, బళ్ళారి వైపు నుంచీ వస్తారు. దారిలో గడిచే గంటలను ఏ మిషనూ వెనక్కి తేలేదు.

అక్టోబరు 1

మొదటిసారి మనిషి తలను సీటీ తీసింది 1971లో ఇదే రోజున, లండన్‌లోని ఆట్కిన్‌సన్ మోర్లీ ఆసుపత్రిలో. హౌన్స్‌ఫీల్డ్ తయారుచేసిన ఆ మిషన్ తలకు మాత్రమే. అంతకుముందు తలలో నెత్తురుందో లేదో తెలియాలంటే రక్తనాళాల్లో మందు ఎక్కించి చూడటమో, అనుమానం మీద పుర్రెకు రంధ్రాలు చేయడమో. 1979లో ఆయనకూ, ఇదే దారిలో పనిచేసిన కోర్మాక్‌కూ నోబెల్ ఇచ్చారు. కోడుమూరు అబ్బాయి బతికాడంటే అందులో వాళ్ళ పాలు ఉంది.

అక్టోబరు 3

దేవరగట్టు. మాళమల్లేశ్వరుడి కోసం విజయదశమి అర్ధరాత్రి కర్రలు లేస్తాయి, ఏటా తలలు పగులుతాయి. పసుపు అద్దుకొని మళ్ళీ నిలబడేవాళ్ళ భక్తిని నేను కించపరచను. పిల్లలను భుజాల మీద ఎక్కించుకొని ఆ గుంపులోకి పోకండి అని మాత్రం కొండ కింద ఊరూరా చెప్పాలి. పసుపు చర్మం వరకే పోతుంది. కట్టు కట్టించుకొని ఇంటికి పోయిన కుర్రాడు తెల్లారేసరికి మగతగా ఉంటే ఆదోనికైనా కర్నూలుకైనా వెంటనే పంపాలి.

అక్టోబరు 11, కర్నూలు

ఎనిమిదేళ్ళ అబ్బాయి సైకిలు మీంచి పడ్డాడు. ఒకసారి వాంతి అయింది. స్పృహ తప్పలేదు, పట్టికలో ఇంకే గుర్తూ లేదు. డాక్టరు మంచం ఇచ్చి, గమనిస్తూ ఉందాం అన్నాడు. తల్లి అంగన్‌వాడీలో ఆయా. ఏమేం చూడాలో అడిగి తెలుసుకొని, కొడుకు సంచిలోంచి నోటుపుస్తకం తీసింది. సాయంత్రానికి ఆమె రాసింది ఇది:

"12 గంటలు. పడుకున్యాడు. లేపినా. లేసినాడు. 1 గంట. పేరు అడిగినా, చెప్పినాడు. 2. తలకాయ నొప్పి అన్యాడు, కొంచెం. 3. బిస్కెట్టు తిన్యాడు, కక్కలేదు. 4. చెల్లెల్ని తిట్టినాడు. 5. ఇంటికి పోదాం అంటాండాడు."

డాక్టరు చదివి, ఆ నాలుగు గంటల వరస కింద గీత గీశాడు. పిల్లవాడిని ఇంకోసారి పరీక్షించి, స్కాన్ లేకుండా ఇంటికి పంపాడు. మళ్ళీ వాంతులైనా, తలనొప్పి పెరిగినా, మగతగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా, నడక తడబడినా ఏ వేళైనా తీసుకురమ్మని కాగితం మీద తెలుగులో రాసిచ్చాం. రాత్రికి ఎన్నిసార్లు లేపాలో ఆమె రెండుసార్లు అడిగి ఖాయం చేసుకుంది.

ఆరున్నరకు 108 నుంచి ఫోను. ఓర్వకల్లు దగ్గర మిరప కోతకు పోయే కూలీల ఆటో బోల్తా పడింది, ముగ్గురు పిల్లలున్నారు, ఒకడు లేవడం లేదు. బల్ల మీద కొత్త షీటు పరిచి, మిషన్‌లో పిల్లల ప్రోటోకాల్ పెట్టి, న్యూరోసర్జన్‌కు ముందే కబురు చేశాను.